నలభై మందికి నలభై కార్డులు

కర్నూలులో ఈవెంట్ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. పెళ్ళి రిసెప్షన్‌లో టేబుళ్ళ మీద పెట్టే పేరు కార్డుల గురించి అడుగుతారు. ఏ కార్డు కొనాలి, ఏ రంగు బాగుంటుంది, అక్షరాలు ఎంత ఉండాలి అని. తెలిసింది చెబుతాను. అది పది నిమిషాల మాట. నాకు ఇరవై ఏళ్ళు పట్టింది వేరే సంగతులు నేర్చుకోవడానికి. వాటిని కూర్చోబెట్టి చెప్పే ఓపిక నాకు లేదు, వినే తీరిక వాళ్ళకు లేదు. అందుకే రాస్తున్నాను.

ఈ పని నేనొక్కణ్ణే చేయలేదు. మా అక్క సుగుణ జాబితా చూసుకునేది, నేను రాసేవాణ్ణి. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది పూర్తిగా ఆమె నిర్ణయం. అక్క పోయి పదకొండు నెలలైంది. ఆమె లేకుండా ఒక పెళ్ళి చేశాను. రెండోదానికి ఒప్పుకోలేదు.

పనిలోకి ఎలా వచ్చాం

నేను కర్నూలు పాతబస్తీలో ఒక చిన్న ప్రెస్సులో పెళ్ళి పత్రికలకు అక్షరాలు రాసేవాణ్ణి. యజమాని ఖలీల్ సాబ్. కంప్యూటర్ వచ్చాక నా చేతి రాతతో అవసరం తీరిపోయింది. అప్పటికి అక్క మా చర్చి స్త్రీల సమాజంలో ఉండేది, చర్చి పెళ్ళిళ్ళలో విందు ఏర్పాట్లు చూసేది. మా చర్చిలో చాలాకాలంగా కుర్చీలు వేసి, టేబుళ్ళు వేసి కూర్చోబెట్టి వడ్డించే పద్ధతి ఉంది. అది చూసి ఒక డాక్టరు గారు తన కూతురి రిసెప్షన్ కూడా అలాగే చేయమన్నారు, టేబుళ్ళ మీద పేర్లు ఉండాలన్నారు. అక్క నన్ను పిలిచింది.

"రేయ్ సుధా, ఖాళీగా కూచోని గోడలు సూస్తాండావు గదా. రెండొందల పేర్లు రాస్తావా?"

రాశాను. ఆ తర్వాత కర్నూలు, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు. బెంగళూరు నుంచి వచ్చిన సంబంధాలవాళ్ళు ఎక్కువగా అడిగేవాళ్ళు. మన దగ్గర పెళ్ళంటే బంతి భోజనం, లేకపోతే ప్లేటు పట్టుకుని వరుసలో నిలబడే బఫే. పేరు రాసి ఉన్న కుర్చీ చాలామందికి కొత్త. వచ్చినవాళ్ళు ముందు భయపడతారు, తర్వాత వెతుక్కుంటారు, దొరికాక ముఖం మారుతుంది. ఆ మారడం చూడటానికే నేను హాల్లో ఒక మూల నిలబడేవాణ్ణి.

కార్డు గురించి, త్వరగా

మందపాటి ఐవరీ కార్డు కొనండి. మెరిసేది వద్దు. దీపాల వెలుగు దాని మీద పడితే పేరు కనపడదు. తెల్ల కార్డు మీద బంగారు రంగు అక్షరాలు అడుగుతారు. ఒప్పుకోకండి. అరవై దాటినవాళ్ళు కళ్ళజోడు ఇంట్లో మరిచి వస్తారు. నల్ల సిరా, పెద్ద అక్షరం, అంతే.

నడిమికి మడిచి నిలబెట్టండి, పేరు రెండువైపులా రాయండి. కూర్చున్నవాడికి తన పేరు ఎలాగూ తెలుసు. ఎదురుగా ఉన్నవాడికి తెలియాలి, పేరు పెట్టి పలకరించడానికి. తెలుగులో రాస్తే ఒత్తులకు కింద చోటు వదలండి. ప్రింటరు ఆ చోటు వదలదు, మనమే చూసుకోవాలి.

కడపలో ఒక మే నెల రిసెప్షన్‌కు రెండు గంటలు ముందే కార్డులన్నీ సర్ది భోజనానికి వెళ్ళాను. వచ్చేసరికి పెద్ద కూలర్లు వేశారు. సగం కార్డులు నేల మీద, మిగతా సగం నీటి తుంపర్లకు సిరా కారి ఉన్నాయి. పెళ్ళికొడుకు తాతగారి పేరు మీద నల్ల మరక తప్ప ఏమీ లేదు. అప్పటినుంచి కూలర్లు వేశాక, నీళ్ళ సీసాలు పెట్టాక, చివరగా కార్డు పెట్టడం అలవాటు చేసుకున్నాను. నీళ్ళకు చెదరని సిరా కూడా అప్పుడే మొదలుపెట్టాను.

తలుపు దగ్గర ఎవరిది ఏ టేబులో చెప్పే బోర్డు పెడతారు. దాన్ని అక్షరాల వరుసలో పెట్టకండి. మనవాళ్ళు తమను ఇంటిపేరుతో వెతుక్కోరు, ఊరితో వెతుక్కుంటారు. పత్తికొండ, ఆదోని, మంత్రాలయం అని ఊళ్ళవారీగా రాయండి. తోపులాట ఉండదు. ఇది అక్క కనిపెట్టింది.

గారు

ఆ మొదటి డాక్టరు గారి రిసెప్షన్‌లోనే మాకు ఒక దెబ్బ తగిలింది. ఆయన ఇచ్చిన జాబితాలో పేర్ల పక్కన చదువులు, ఉద్యోగాలు ఉన్నాయి. ఉన్నవి ఉన్నట్టు రాశాను. పెళ్ళికూతురి మేనమామ ఆదోనిలో టైలరు. ఆయన కార్డు మీద పేరొక్కటే ఉంది. టేబుల్ చుట్టూ తిరిగి అన్నీ చదివి, తన కార్డు చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, అందరికీ తోకలుండాయి. నాకు మాత్రం ల్యాకపాయె!"

అక్క వెనకనుంచి వచ్చి ఆయన చేతిలో కార్డు తీసుకుంది.

"తోక లేనోడే గదా మామా మనిషి. కూచో, నీకే ముందు వడ్డిస్తారు."

ఆయన నవ్వాడు, కూర్చున్నాడు. కానీ భోజనం అయ్యేదాకా తన కార్డును బోర్లా పెట్టుకున్నాడు. అది నేను చూశాను. ఆ తర్వాత మా కార్డుల మీద చదువులూ ఉద్యోగాలూ రాయలేదు. పేరు, చివర గారు. పేరున్న వ్యాపారికైనా, కారు నడిపి తెచ్చిన డ్రైవరుకైనా అదే గారు. దీనికి ఒప్పుకోని పెళ్ళివాళ్ళను రెండుసార్లు వదులుకున్నాం. అందులో నాకు విచారం లేదు.

ఖలీల్ సాబ్

నాకు అక్షరం నేర్పింది ఆయనే. చెయ్యి వణికితే స్కేలుతో వేళ్ళ మీద కొట్టేవాడు. మంచి యజమాని అని చెప్పలేను, మంచి పనివాడు. పత్రిక రాయించుకోవడానికి వచ్చినవాళ్ళను నిలబెట్టి, ప్రతి పేరూ వాళ్ళ నోటితో పలికించేవాడు. కాగితం మీద రాసి ఇచ్చినా సరే పలకమనేవాడు. నాకు విసుగ్గా ఉండేది. ఒకరోజు అడిగేశాను. "కాగితం రాసినోడు వేరే, పేరు మోసేటోడు వేరే. మోసేటోన్ని అడుగు. అడిగేదానికి సిగ్గు నక్కో" అన్నాడు.

ఆ మాట నాకు అప్పుడే అర్థమైందని అనుకున్నాను. అర్థం కాలేదని తర్వాత జరిగిన ఒక పెళ్ళిలో తెలిసింది.

నేను చేసిన తప్పు

పెళ్ళికూతురు ప్రశాంతి, డాక్టరు. తండ్రి దేవదానం సారు, బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. కోడుమూరు పక్కన ఒక పల్లెలోని క్రైస్తవుల పేట వాళ్ళది. పెళ్ళికొడుకు కూడా డాక్టరే. వాళ్ళది పత్తికొండ వైపు భూములున్న కుటుంబం, ఇప్పుడు లారీలు, టమోటా వ్యాపారం. పిల్లలిద్దరూ చదువుకునేచోట ఇష్టపడ్డారు. పెళ్ళికొడుకు తండ్రి నాగిరెడ్డి ఏడాదిపాటు మాట్లాడకుండా ఉండి చివరికి ఒప్పుకున్నాడట. పెళ్ళి తంతులు ఎవరి పద్ధతిలో వాళ్ళు ముగించి, రెండు వైపులవాళ్ళకూ కలిపి నంద్యాల రోడ్డులోని ఫంక్షన్ హాల్లో రిసెప్షన్ పెట్టారు. మమ్మల్ని కుదిర్చింది పెళ్ళికొడుకు చిన్నాన్న శివారెడ్డి. జాబితా ఇచ్చింది కూడా ఆయనే.

జాబితాలో వాళ్ళ బంధువుల పేర్లు వరసగా ఉన్నాయి. పెళ్ళికూతురి తరఫున ఆమె స్నేహితులు, తోటి డాక్టర్లు. అన్నిటికంటే చివర ఒక లైను: "పెళ్ళికూతురి ఊరోళ్ళు, నలభై." వాళ్ళకు వెనక, చేతులు కడుక్కునే చోటు పక్కన నాలుగు టేబుళ్ళు.

అక్క ఆ వారం జ్వరంతో ఉంది. జాబితా నేనే చూశాను. నాలుగు పెద్ద కార్డులు తీసుకుని, ఒక్కోదాని మీద "పెళ్ళికూతురి ఊరివారు" అని అందంగా రాశాను. నలభై పేర్లు అడగాలని నాకు తోచలేదు. మేమూ అలాంటి పేట నుంచి వచ్చినవాళ్ళమే. పెద్దవాళ్ళ పెళ్ళిలో మావాళ్ళకు వెనక చోటు ఉంటుందన్నది నాకు చిన్నప్పటినుంచి తెలిసిన విషయం. తెలిసిన విషయం కాబట్టి కంటికి ఆనలేదు. ఈ తప్పు ఇంకెవరైనా చేసి ఉంటే క్షమించడం తేలికయ్యేది.

రిసెప్షన్ సాయంత్రం. మధ్యాహ్నం రెండుగంటలకు కార్డులు వరసగా చూసుకుంటున్నాను. ఒక పెద్దావిడ లోపలికి వచ్చింది. జరీ లేని తెల్లచీర, చేతిలో గుడ్డసంచి. ఒక్కో టేబుల్ దగ్గరా వంగి చదువుకుంటూ వస్తోంది.

"అబ్బోడా, నా పేరు యాడుండాదో సూపీ. మరియమ్మ. పిల్లకు మేనత్తను."

దేవదానం సారుకు అక్క ఆమె. తల్లి ఉద్యోగానికి పోతే ప్రశాంతిని పెంచింది ఈమేనని తర్వాత తెలిసింది. నేను వెనక టేబుళ్ళు చూపించాను.

"ఆడమ్మా. అంతా మీదే. యా కుర్చీలో అయినా కూచోవచ్చు."

ఆమె అక్కడిదాకా వెళ్ళి, నా కార్డు మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది. మా పేటల్లో ఆ వయసు ఆడవాళ్ళు చాలామంది బడికి పోలేదు. పెద్ద అక్షరాల బైబిలు ముందు పెట్టుకుని చదవడం నేర్చుకున్నారు. చదివి కార్డును మళ్ళీ సరిగ్గా నిలబెట్టింది.

"రాత బాగుండాది నాయనా. కానీ సాయంత్రం మావోళ్ళు బస్సు దిగి ఇది సూస్తే, తినకుండా మళ్ళీ బస్సెక్కుతారు. అట్ల పోయినారంటే మా తమ్మునికి ఇంగ ఊరుండదు."

కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పింది. అప్పుడే అక్క ఆటో దిగి, జ్వరం తగ్గీ తగ్గకుండానే లోపలికి వచ్చింది. మరియమ్మ ముఖం చూసింది, కార్డు చూసింది, నన్ను చూసింది.

"ఏంరా ఇది? మనుషులకు రాసినావా, గోనెసంచులకు రాసినావా?"

సారు చెప్పిన పేర్లు

అక్క దేవదానం సారును పిలిపించింది. ఆయన కొత్త కోటు వేసుకుని ఉన్నారు. సంగతి విని తల వంచుకున్నారు.

"నాకు తెలుసమ్మా. శివారెడ్డి గారు ముందే చెప్పినారు. పోనీ, వాళ్ళు చెప్పినట్లే కానీ. ఆ ఇంట్లో బతకాల్సింది నా బిడ్డ గదా."

అది నిజం. మేం ఇచ్చే కార్డుల వల్ల ఆ పిల్లకు రేపు ఒక సూటిపోటి మాట ఎక్కువ పడితే, అది మేం మోసేది కాదు. అక్క నా నాలుగు కార్డులూ తీసి పక్కన పెట్టింది. తర్వాత ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సారూ, కుర్చీలు యాడెయ్యాలో తర్వాత మాట్లాడుకుందాం. ముందు పేర్లు చెప్పు. తమ్ముడు రాస్తాడు."

ఆయన మొదలుపెట్టలేకపోయారు. మరియమ్మే అందించింది. "రాహేలు చెప్పు, యేసురత్నం చెప్పు." అక్కడినుంచి ఆయన ఆగలేదు. కాగితం లేదు. కళ్ళు మూసుకుని పేటలో మొదటి ఇంటినుంచి నడుచుకుంటూ పోయినట్టు చెప్పారు. ఎవరు ఎవరి కొడుకు, ఎవరికి ఎడమ చెవి వినపడదు, ఎవరికి పళ్ళు లేవు, ఎవరు మామిడితోట కాపలాకు పోయి ఆలస్యంగా వస్తారు. ఆయన పలికిన ప్రతి పేరూ విని రాశాను. చివరికి వచ్చేసరికి ఆయన గొంతు బడిలో హాజరు పిలిచే గొంతులా గట్టిగా అయింది. సరిగ్గా నలభై.

ఆ నలభై కార్డులు నా జీవితంలో నేను రాసినవాటిలో మంచివి. ఈ మాట అనడానికి నాకు మొహమాటం లేదు.

సిరా ఆరుతుండగా శివారెడ్డి వచ్చాడు.

"ఏందిది? మేమిచ్చిన లిస్టేమి, మీరు చేస్తాండేదేమి?"

"లిస్టు మీదేనప్పా," అంది అక్క. "నలభై అని రాసినారు గదా. నలభై రాసినాము."

"సదువు రానోళ్ళకు పేర్లెందుకమ్మా? ఎవరు సూడొచ్చినారు?"

మరియమ్మ ముందు టేబుల్ దగ్గరే నిలబడి ఉంది. చేతికి అందిన కార్డు తీసి గట్టిగా చదివింది. "శి... వా... రెడ్డి గారు. నీదేనా నాయనా ఇది? బాగ రాసినాడు."

వంటవాళ్ళలో ఎవరో నవ్వారు. శివారెడ్డి ముఖం ఎర్రబడింది. "పేర్లు పెట్టుకోండి. టేబుళ్ళు మాత్రం వెనకే" అన్నాడు.

అప్పుడు అక్క అడిగిన ప్రశ్న నేను మరిచిపోను. గొంతు పెంచలేదు.

"మీ ఇండ్లల్లో పెండ్లైతే మేనత్తను యాడ కూచోబెడతారప్పా?"

మన సీమలో మేనత్త కూర్చోకుండా ఏ శుభకార్యమూ మొదలుకాదు. ఎవరి దేవుడు ఎవరైనా సరే, ఆ మర్యాద అందరి ఇళ్ళలోనూ ఉంది. శివారెడ్డికీ ఉండే ఉంటుంది ఒక మేనత్త. "మా అన్నతోనే చెప్పుకోండి" అని ఫోను తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

అక్క మరియమ్మ కార్డును ముందు టేబుల్ మీద, నాగిరెడ్డి కార్డు పక్కన పెట్టింది. మిగతావాళ్ళను హాలంతా కలిపింది. ఒక్కరిని ఒంటరిగా ఎక్కడా వేయలేదు. మొగుడూ పెళ్ళాం, లేదా ఇద్దరు స్నేహితులు. కొత్తవాళ్ళ మధ్య మనిషికి తనవాడొకడు పక్కన ఉంటే అన్నం దిగుతుంది. చెవి వినపడని ముసలాయన కుడివైపున మాట్లాడే మనిషి ఉండేలా చూసింది. ఇది మీరు నేర్చుకోవాల్సిన పని. కార్డు ఎవరైనా రాస్తారు.

సాయంత్రం

బస్సు వచ్చింది. అందరూ కార్డులు వెతుక్కున్నారు. చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చూపించారు. కానీ ఎవరూ కూర్చోలేదు. ఎవరి పేరున్న కుర్చీ వెనక వాళ్ళు నిలబడ్డారు. అదే టేబుళ్ళ దగ్గర పత్తికొండవాళ్ళు కూర్చుని ఉన్నారు. రెండొందల మంది ఉన్న హాల్లో కూలర్ల చప్పుడు మాత్రమే వినిపించింది.

నేను ఒక ముసలాయన దగ్గరికి వెళ్ళి కూర్చోమన్నాను. "ఆయప్ప, పెండ్లికొడుకు నాయన, రానీలే. సూసి కూచుంటాము. ల్యాకుంటే బస్సుండాది" అన్నాడు.

దేవదానం సారు కోటు గుండీ పెట్టుకుంటూ తీసుకుంటూ ఉన్నారు. వేదిక మీద ప్రశాంతి మేనత్తవైపే చూస్తోంది. అక్క జ్వరంతో గోడకు ఆనుకుని నిలబడింది.

నాగిరెడ్డి వచ్చాడు. తమ్ముడు శివారెడ్డి ఫోనులో ఏం చెప్పాడో మాకు తెలియదు. పొడుగు మనిషి, నవ్వని మనిషి. నేరుగా ముందు టేబుల్ దగ్గరికి నడిచి తన కార్డు చూసుకున్నాడు. పక్క కార్డు తీసి చదివాడు. తలెత్తి హాలంతా చూశాడు, కుర్చీల వెనక నిలబడ్డ మనుషులను ఒక్కొక్కరినీ.

"మరియమ్మ గారంటే ఎవరు?"

ఆమె తన కుర్చీ వెనకే ఉంది. "నేనేప్పా. పిల్లకు మేనత్తను."

"మరి నిలబడినావేంటికమ్మా? నువ్వు కూచుంటే గదా నేను కూచునేది."

ఆమె వెంటనే కూర్చోలేదు. తమ్ముడివైపు ఒకసారి చూసింది. సంచి ఒళ్ళోకి తీసుకుని, కుర్చీ సరిచేసుకుని, నింపాదిగా కూర్చుంది. అప్పుడు నాగిరెడ్డి కూర్చున్నాడు. హాలంతా కుర్చీలు లాగిన చప్పుడైంది. అంత చప్పుడు నేను ఏ పెళ్ళిలోనూ వినలేదు.

కార్డుతో మనుషులు మారిపోయారని నేను రాయను. శివారెడ్డి లోపలికి రాలేదు, తినలేదు. పక్కవాళ్ళతో ఒక్క మాటా మాట్లాడకుండా తినేసి లేచిన పత్తికొండవాళ్ళు కొందరున్నారు. కానీ ఒక టేబుల్ దగ్గర పెద్ద డాక్టరు ఒకాయన ఎదురుగా ఉన్న కార్డు చదివి, "యేసురత్నం గారూ, ఆ పప్పు ఇట్ల ఇస్తారా" అని అడగడం విన్నాను. యేసురత్నం రెండు చేతులతో గిన్నె అందించాడు. అందించి, పక్కనున్న భార్యతో మెల్లగా అన్నాడు: "నా పేరు సదివినాడు సూడు."

ఆ సందడిలో వడ్డన అరగంట ఆలస్యమైంది. పూరీలు చల్లారిపోయాయని వంట మేస్త్రి నన్నూ అక్కనూ అందరి ముందూ తిట్టాడు. అక్క నవ్వుతూ వింది. నేను తల ఎత్తుకునే నిలబడి విన్నాను.